105 డిగ్రీల అమ్మ, 125 డిగ్రీల పిన్ని: మోకాలి మార్పిడిలో దేన్ని చూసి ఎంచుకోవాలి

మా ఇంట్లో రెండేళ్ళ తేడాతో ఇద్దరికి మోకాలి చిప్పలు మార్చారు. (నిజానికి మార్చేది చిప్పని కాదు, తొడ ఎముక, కాలి ఎముక కలిసేచోట అరిగిపోయిన ముఖాల్ని. కానీ మన దగ్గర ఆ మాటే స్థిరపడిపోయింది, నేనూ అదే వాడతాను.) అమ్మకి 68, రిటైరైన లెక్కల టీచరు, కుడి మోకాలు ఒక్కటే చేశారు. పిన్నికి 61, రెండూ ఒకేసారి చేశారు. ఏడాది తర్వాత ఎంత వంగుతుందో కొలిస్తే (కాలు తిన్నగా చాచితే సున్నా) అమ్మ మోకాలు 105 డిగ్రీల దగ్గర ఆగింది, పిన్నివి 125 దాకా వంగాయి. లెక్కప్రకారం పిన్ని సంతోషంగా ఉండాలి కదా. కానీ ఎవరైనా వచ్చి ఆపరేషన్ గురించి అడిగితే అమ్మ "కళ్ళు మూసుకుని చేయించేసుకో" అంటుంది, పిన్ని మాత్రం "ఇంకో రెండేళ్ళు ఆగగలిగితే ఆగు" అంటుంది.

దీనికి కారణం నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆపరేషన్‌కి ముందు అమ్మ మోకాలు 95 కంటే వంగేది కాదు, రాత్రిళ్ళు నొప్పితో లేచి కూర్చునేది, మేడ మెట్లెక్కడం మానేసి ఏడాదిన్నర అయింది. పిన్నికేమో నొప్పి ఉన్నా 130 దాటి వంగేది, కష్టపడైనా పీట మీద కూర్చునేది. అంటే ఒకావిడ పది డిగ్రీలు సంపాదించుకుంది, ఇంకొకావిడ అయిదో పదో పోగొట్టుకుంది. పైగా అమ్మ కోరుకున్నది రాత్రి నిద్ర, రైతు బజారు దాకా నడక, అంతే. పిన్ని కోరుకున్నది సత్యనారాయణ వ్రతానికి గంటన్నర బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. ఆ కోరిక ఆవిడ డాక్టరు గారికి చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే అనుకోకండి. కెనడాలోని ఒంటారియోలో 1,703 మందిని ఆపరేషన్ అయిన ఏడాదికి అడిగితే 19 శాతం మంది తృప్తిగా లేమన్నారు, ఆ వివరాలు 2010లో వచ్చాయి. అసంతృప్తికి అన్నిటికంటే పెద్ద కారణంగా తేలింది అనుకున్నది జరగకపోవడం. అలాంటివాళ్ళకి అసంతృప్తి అవకాశం మిగతావాళ్ళ కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువ. తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ళు చాలామంది కొన్నాళ్ళకి ఆ సంగతే మర్చిపోతారు. మోకాలు అలా కాదు, అప్పుడప్పుడు టక్కుమంటుంది, గాటుకి బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మొదటి రెండడుగులు బిగుసుకున్నట్టు ఉంటుంది. ఇవన్నీ మామూలే, కానీ ముందు చెప్పకపోతే ఆపరేషన్ ఫెయిలయిందనుకుని టెన్షన్ పడతారు.

కాబట్టి లోపల పెట్టే కృత్రిమ కీలు ఏది, పద్ధతి ఏది అనేదానికంటే ముందు మీకెన్ని డిగ్రీలు కావాలో తేల్చుకోండి. చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60, 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కడానికి 80, 90 మధ్య, దిగడానికి ఇంకాస్త. మామూలు కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడానికి 90 పైన, లోతు సోఫా అయితే 105 దాకా. 110 వచ్చిందంటే రోజువారీ పనులు చాలావరకు జరిగిపోతాయి. ఆ తర్వాతే మన కష్టాలు మొదలవుతాయి. బాసింపట్టుకి, ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చోవడానికి 130 పైన కావాలి. నమాజులో మోకాళ్ళ మీద మడిచి కూర్చోవాలంటే ఇంకా ఎక్కువ. పాశ్చాత్య దేశాల వాళ్ళకి ఇది పెద్ద సమస్య కాదు, వాళ్ళ బతుకంతా కుర్చీ మీదే. మన పూజలు, పెళ్ళిళ్ళు, వంటిళ్ళు నేల మీదే జరుగుతాయి కాబట్టి ఈ ఆఖరి 20 డిగ్రీలే మనకి గుండెకాయ. మార్చిన మోకాలు ఎక్కువమందికి 110 నుంచి 120 దగ్గర ఆగుతుంది, ఆ 20 డిగ్రీలు అక్కడే పోతాయి.

ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందో ముందే కాస్త ఊహించడానికి ఉన్న అతి మంచి గుర్తు, ఇప్పుడు ఎంత వంగుతోంది అన్నదే. బాగా బిగుసుకున్న మోకాలు కొంత లాభపడుతుంది, బాగా వంగే మోకాలు కొంత నష్టపోతుంది. తొడలు, పిక్కలు లావుగా ఉంటే కండ కండకి తగిలి ఆగిపోతుంది, అక్కడ ఏ కంపెనీ కీలు పెట్టినా చేసేదేం లేదు. ఈ కొలత ఆపరేషన్‌కి ముందే ఫిజియోతో తీయించి కాగితం మీద రాయించుకోండి. మేం పిన్ని విషయంలో అది చేసి ఉంటే సగం మాటలు ముందే అయిపోయేవి.

కొలత సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. అమ్మ ఇంటికొచ్చాక ఫిజియో కుర్రాడు వారానికి మూడుసార్లు వచ్చేవాడు, చేతిలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గోనియోమీటరు, స్కూల్లో కోణమానినికి రెండు కర్రలు తగిలించినట్టు ఉంటుంది. అమ్మ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో అంకె రాసేది, కార్తీక పౌర్ణమి పక్కన 84, తర్వాతిసారి 88. ఒకరోజు 86 వచ్చింది. "మొన్న 88 కదా బాబూ, ఇవాళ 86 ఏంటి, సరిగ్గా కొలువు" అని మూడుసార్లు కొలిపించింది, 86, 89, 87 వచ్చాయి. అతను నవ్వి "నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ కొలతలోనే ఉంటుందమ్మా" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద హై ఫ్లెక్స్ (ఎక్కువ వంగేలా చేసిన) కీలు దగ్గర పనికొస్తుంది.

ఇక ఎంపికలు.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చే నిర్ణయం ఫుల్లా, పార్షియలా అన్నది, మన దగ్గర అతి తక్కువగా అడిగే ప్రశ్నా ఇదే. మోకాలి లోపల మూడు భాగాలు, లోపలివైపు, బయటివైపు, చిప్ప వెనక. కొందరికి లోపలివైపు మాత్రమే గుజ్జు అరుగుతుంది, లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు) గట్టిగానే ఉంటాయి, కాలు వంకర చేత్తో సరిచేస్తే సరవుతుంది. అలాంటివాళ్ళకి ఆ ఒక్క భాగమే మార్చొచ్చు. గాటు చిన్నది, సొంత లిగమెంట్లన్నీ ఉంటాయి, తొందరగా నడుస్తారు, మోకాలు ఎక్కువ వంగుతుంది, మోకాలు తమదే అన్న భావన ఎక్కువ ఉంటుంది. బ్రిటన్‌లో 528 మందిని రెండు గుంపులు చేసి అయిదేళ్ళు గమనించిన ట్రయల్ 2019లో వచ్చింది, నొప్పి, పనుల విషయంలో రెండూ దాదాపు సమానం, ఖర్చులో పార్షియల్ నయం అని తేలింది.

మరి అందరూ పార్షియలే ఎందుకు చేయించుకోరు? మన్నిక. అదే 2019లో వచ్చిన ఇంకో పెద్ద లెక్కలో, ఫుల్ మార్చినవి 25 ఏళ్ళ తర్వాత కూడా 82 శాతం దాకా పనిచేస్తున్నాయి, పార్షియల్‌వి 70 శాతం. తేడా ఉంది, భయపడేంత లేదు. మీకు 70 ఏళ్ళుంటే రెండూ మీకు చాలే అవకాశమే ఎక్కువ, 50 అయితే మళ్ళీ ఆపరేషన్ గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళన్నీ వాచే ఒక రకం కీళ్ళవాతం) ఉన్నవాళ్ళకి, దొడ్డికాళ్ళు బాగా ముదిరినవాళ్ళకి పార్షియల్ పనికిరాదు. మన దగ్గర చాలామంది ఆ దశ దాటాకే డాక్టరు దగ్గరికి వెళ్తారు, అది వేరే విషాదం. ఇంకోటి, పార్షియల్ అనేది చేసే చేతిని బట్టి ఉంటుంది. ఏడాదికి మూడో నాలుగో చేసే డాక్టరు దగ్గర చేయించుకునే కంటే ఆయనకి అలవాటైన ఫుల్ చేయించుకోవడం మేలని నా అభిప్రాయం. "ఏడాదికి పార్షియల్ ఎన్ని చేస్తారండీ" అని అడగడానికి మొహమాటపడకండి.

హై ఫ్లెక్స్ కీలు. 150 డిగ్రీలు పైన వంగేలా తయారుచేశామంటారు, అబద్ధం కాదు, ఆ లోహం అంత వంగుతుంది. మీ కండరం, చర్మం, లోపల కట్టే మచ్చ కణజాలం అంత వంగనివ్వవు. మామూలు కీలుతో పోల్చి చేసిన ట్రయల్స్‌లో తేడా చాలావరకు ఒకటి రెండు డిగ్రీలే, తృప్తిలో తేడా కనపడలేదు. గోనియోమీటరే నాలుగు డిగ్రీలు తప్పు చూపించేటప్పుడు ఆ రెండింటికి విలువెంత? ధర సంగతి చూస్తే తమాషాగా ఉంటుంది. 2017 ఆగస్టులో కేంద్రం కీళ్ళ ధరలకి పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకి 54,720 రూపాయలు, హై ఫ్లెక్స్‌కి 56,490 రూపాయలు నిర్ణయించారు, జీఎస్టీ అదనం. తేడా 1,770 రూపాయలు. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి వాటికి 76,600. ఆ తర్వాత అంకెలు మారుతుంటాయి కాబట్టి ఇప్పటి ధర కనుక్కోండి, కానీ హై ఫ్లెక్స్ పేరు చెప్పి ప్యాకేజీలో యాభై వేలో లక్షో పెంచితే ఆ డబ్బు దేనికో బిల్లులో విడిగా చూపించమనండి. గోల్డ్ నీ అనేదీ అంతే. అందులో బంగారం ఉండదు, ఆ రంగు వచ్చే పూత ఉంటుంది. నికెల్ లాంటి లోహాలు నిజంగా పడనివాళ్ళ కోసం అంటారు. వంపు పెంచదు.

రోబో సాయంతో చేసే ఆపరేషన్. కోత కొలతలు కచ్చితంగా వస్తాయి, కాలు తిన్నగా అమరుతుంది, అది నిజం. కానీ తృప్తి, వంపు, మన్నిక విషయంలో మంచి చేయి ఉన్న డాక్టరు కంటే రోబో స్పష్టంగా మెరుగని చూపించిన గట్టి ఆధారం ఇంకా రాలేదు. కొరియాలో పదేళ్ళకి పైగా గమనించి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో రెండు గుంపులూ సమానంగానే ఉన్నాయి. అది పాత తరం రోబో అంటారు కంపెనీల వాళ్ళు, ఒప్పుకుంటాను. మీ డాక్టరు రోబోతోనే చేస్తారా, ప్యాకేజీ పెద్దగా పెరగదా, చేయించుకోండి. రోబో కోసమని నమ్మకమున్న డాక్టర్ని వదిలి ఊరు మారడం మాత్రం నేను చెప్పను.

రెండు మోకాళ్ళూ ఒకేసారా, విడివిడిగానా? పిన్ని ఒకేసారి చేయించుకుంది, ఖర్చు కలిసొస్తుందని, పిల్లలకి ఒకేసారి సెలవు దొరుకుతుందని. ఒకే మత్తు, ఒకే హాస్పిటల్ బస, అది నిజమైన సౌకర్యమే. కానీ రక్తం పోవడం ఎక్కువ, గుండె, ఊపిరితిత్తుల మీద భారం ఎక్కువ. గుండె జబ్బున్నవాళ్ళు, వయసు బాగా పైబడినవాళ్ళు, అదుపులో లేని షుగరున్నవాళ్ళు విడివిడిగా చేయించుకోవడమే క్షేమం. ఇంకో ఇబ్బంది పిన్నికి ఎవరూ చెప్పలేదు, మొదటి పది రోజులు ఊనుకోవడానికి ఒక మంచి కాలంటూ ఉండదు. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్ళడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. అయితే ఒక సందర్భంలో ఒకేసారి చేయడానికి గట్టి కారణం ఉంది. రెండు కాళ్ళూ పూర్తిగా చాచలేని స్థితిలో ఉంటే, ఒకటే సరిచేసి వదిలేస్తే మార్చిన కాలు, వంగి ఉండి పొట్టిగా అనిపించే రెండో కాలితో సర్దుకోవడానికి మళ్ళీ వంగే నిలబడుతుంది, అలా నెలలు గడిస్తే ఆ వంపులోనే బిగుసుకుంటుంది.

ఈ చాచడం సంగతి అందరూ వదిలేస్తారు. ఎంత వంగింది అని ఊరంతా అడుగుతారు, పూర్తిగా చాచగలుగుతోందా అని ఎవరూ అడగరు. మోకాలు తిన్నగా రాకుండా 10 డిగ్రీలు వంపు మిగిలిపోతే నడకలో కుంటు కనిపిస్తుంది, తొడ కండరం ఊరికే అలిసిపోతుంది, నడుము నొప్పి అదనం. మొదటి నెలలో మోకాలి కింద తలగడ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అదే శత్రువు. పెట్టాల్సింది మడమ కింద, చుట్టచుట్టిన తువ్వాలు, మోకాలి వెనక భాగం గాల్లో ఉండేలా. అమ్మ దీన్ని "ఉరిశిక్ష" అనేది, రోజుకి నాలుగుసార్లు పదేసి నిమిషాలు టీవీ చూస్తూ చేసేది.

ఫిజియో దగ్గర కూడా ఎంచుకోవాల్సింది ఉంది. హాస్పిటల్లో కాలు దానంతట అదే వంచే మెషిన్ ఒకటి పెడతారు, కొందరు ఇంటికి అద్దెకిస్తారు. దానివల్ల అదనంగా వచ్చే వంపు సగటున రెండు డిగ్రీలని చాలా ట్రయల్స్ కలిపి చూసిన సమీక్షలో తేలింది. ఆ అద్దె డబ్బు ఫిజియోకి ఇవ్వండి. ఇంటికొచ్చే ఫిజియో మంచిదా, సెంటర్‌కి వెళ్ళడం మంచిదా అంటే, మొదటి మూడు వారాలు ఇంటికే రప్పించుకోండి, తర్వాత ఆటో ఎక్కి దిగడమూ వ్యాయామమే కాబట్టి సెంటర్‌కి వెళ్ళండి. అసలు తేడా తెచ్చేది ఫిజియో వెళ్ళిపోయాక మిగతా ఇరవైమూడు గంటల్లో మీరేం చేశారన్నది. నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకోండి, ఓర్చుకుంటానని మానేయకండి, నొప్పితో వంచనిస్తేగా వంగేది. వంపులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది, ఆరు వారాలకి 90 దాటకపోతే "వస్తుందిలే" అని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మత్తిచ్చి మెల్లగా వంచే పద్ధతి ఉంది, అది మూడు నెలల లోపు చేస్తేనే బాగా ఫలిస్తుంది. ఇక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం తగ్గకపోయినా ఆ రోజే వెళ్ళాలి, ఫోన్లో అడిగే వ్యవహారం కాదు.

చివరి ఎంపిక, అసలు ఇప్పుడే చేయించుకోవాలా అన్నది. ఎక్స్‌రేలో అరుగుదల కొంచెమే కనిపిస్తూ నొప్పి మాత్రం ఎక్కువున్నవాళ్ళే ఆపరేషన్ తర్వాత ఎక్కువ నిరాశ పడతారు, ఎందుకంటే వాళ్ళ నొప్పి నడుము నుంచో ఇంకెక్కడి నుంచో వస్తూ ఉండొచ్చు. రాత్రి నిద్ర పడుతోంది, అర కిలోమీటరు నడవగలుగుతున్నారు, కింద కూర్చోగలుగుతున్నారు అంటే నేనైతే బరువు తగ్గడం, తొడ కండరానికి బలం పెంచడం మీద ఆరు నెలలు గట్టిగా పెడతాను. దానివల్ల నష్టమూ లేదు, తర్వాత ఆపరేషన్ అయినా అదే బలం పనికొస్తుంది. రాత్రి నిద్ర పట్టడం లేదు, కాలు వంకర పెరుగుతోంది, బాత్రూమ్‌కి వెళ్ళడానికే భయమేస్తోంది అంటే వాయిదా వేయకండి, బిగుసుకున్న కొద్దీ తర్వాత వచ్చే వంపు తగ్గుతుంది. ఇన్సూరెన్స్ ఉంటే కీళ్ళ మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ ఎంతో పాలసీలో చూసుకోండి.

డాక్టరు దగ్గర అడగాల్సిన వాటిలో ఒకటి మాత్రం మర్చిపోవద్దు. పిన్నికి హాస్పిటల్లో ఒక వీడియో చూపించారు, మోకాలు మడమ తొడకి తగిలేంత వంగుతోంది. తర్వాత అర్థమైంది, అది ఆపరేషన్ టేబుల్ మీద, మత్తులో, డాక్టరు చేత్తో వంచిన మోకాలు. నొప్పి లేదు, కండరం అడ్డుపడదు, శరీర బరువు లేదు. అలాంటిది చూపిస్తే "ఏడాది దాటిన పేషెంటు తనంతట తాను వంచేది చూపించండి" అనండి. వీలైతే మీ వయసు, మీ శరీరం ఉన్న ఇద్దరు పాత పేషెంట్లతో మాట్లాడించమనండి. చాలామంది డాక్టర్లు సంతోషంగా మాట్లాడిస్తారు. నేల మీద కూర్చోవచ్చా అని సూటిగా అడగండి. కొందరు అప్పుడప్పుడు ఫరవాలేదంటారు, కొందరు కీలు మధ్యలో ఉండే పాలిథిలిన్ (ప్లాస్టిక్) ముక్క అరుగుతుందని వద్దంటారు. మీ కీలు ఏ రకమో తెలిసిన ఆయన మాటే వినండి, పక్కింటావిడ మాట కాదు.

పిన్ని మొన్న కార్తీకంలో వ్రతం చేసుకుంది. పీట మీద కూర్చోలేదు. మండపాన్ని టీపాయ్ మీద పెట్టి తను మోడా మీద కూర్చుంది, పంతులు గారికి కూడా కుర్చీ వేయబోతే ఆయన వద్దని నేల మీదే కూర్చున్నారు. కథ అయిదు అధ్యాయాలూ అయ్యేదాకా ఆవిడకి అదే బాధ, పంతులు గారి కంటే ఎత్తులో కూర్చున్నానని. మోకాళ్ళ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.